సమాధానం: రాళ్ల మీద క్లచ్ కాలుతోందా? ఇంజిన్ మార్చకండి

ఫోర్ వీల్ డ్రైవ్ బండికి 28 అంగుళాల టైర్లు తీసి 33 వేశాక రాళ్లెక్కేటప్పుడు క్లచ్ వాసన వస్తోందని, దిగేటప్పుడు బండి జారినట్టు పరిగెడుతోందని, పెద్ద ఇంజిన్ పెట్టాలా అని అడిగారు. దయచేసి ఇప్పుడే ఆ ఖర్చు పెట్టకండి. తక్కువైంది శక్తి కాదు, గేరింగ్, అంటే ఇంజిన్ వేగాన్ని తగ్గించి చక్రాలకు బలంగా మార్చే గేర్ల నిష్పత్తి.

మీరిచ్చిన లెక్కే చూడండి. ఫస్ట్ గేర్ నిష్పత్తి 3.65, లో రేంజ్ (కష్టమైన దారికి వాడే అదనపు తక్కువ గేరు) 2.27, యాక్సిల్ (చక్రాల ఇరుసు) 3.73. మూడూ గుణిస్తే దాదాపు 31, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిన్ 31 సార్లు తిరుగుతుంది. పెద్ద టైర్ల వల్ల అది 26తో సమానమైపోయింది. అందుకే మెల్లగా పోవాలంటే మీరు క్లచ్ సగం తొక్కి పట్టాల్సి వస్తోంది, అది కాలుతోంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో (ఇంజిన్ శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె, లో రేంజ్ ఉండేది ఇందులోనే) లో గేర్లు 4.9వి వేస్తే మొత్తం 66 దాటుతుంది, ఈ టైర్లతో కూడా 56 మిగులుతుంది. అప్పుడు క్లచ్ పూర్తిగా వదిలేసి, బండిని దాని మానాన పాకనివ్వచ్చు. దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగే బండి వేగాన్ని అదుపులో ఉంచుతుంది. ఆ తేడా మొదటి రాయి మీదే తెలుస్తుందండీ!

తర్వాత వెనక ఇరుసుకు లాకర్ (రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించే పరికరం) వేయించండి. ముందు ఇరుసు లాకర్‌కు తొందరేం లేదు, స్టీరింగ్ బరువెక్కుతుంది. చక్రాలు పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కితే ముందు యాక్సిల్ జాయింట్లు విరిగే ప్రమాదం కూడా ఉంది.

బండి ఎత్తు మాత్రం టైరు బాడీకి తగలనంత వరకే పెంచండి. ఎక్కువైతే పక్కవాలులో బోల్తా కొడుతుంది.