మొదటి పేజీ గురించి మేనకోడలికి

బుజ్జీ,

ఉద్యోగం మానేసి పదో తరగతి పిల్లలకు లెక్కలు నేర్పే వెబ్‌సైట్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆవిడకేమో ఏడుపు, నాకేమో గర్వం. రాత్రయ్యేసరికి ఆ దిగులు కాస్త నాకూ అంటుకుంది. పొద్దున నువ్వు పంపిన లింకు తెరిచి చూశాక ఇక రాయకుండా ఉండలేకపోయాను.

డొమైన్ పేరు, హోస్టింగ్, బ్యాకప్ లాంటివి నీకు నేను చెప్పేదేముంది? అవన్నీ నువ్వు చూసుకుంటావు. నా టెన్షనంతా ఆ మొదటి పేజీ గురించే. పద్నాలుగు అధ్యాయాలకూ పద్నాలుగు రంగుల బొమ్మలు, పైన కదిలే ఫొటోలు, పక్కన గణిత శాస్త్రవేత్తల జీవిత చరిత్రలు, మూలన చాట్ డబ్బా. ఇవి చాలవన్నట్టు, తెరవగానే దానంతటదే మోగే వీడియో! పడిన కష్టమంతా ఒక్కచోట చూపించాలన్న నీ ఆరాటం నాకు అర్థమైందిలే. కానీ వచ్చే పిల్లకి రేపు త్రికోణమితి స్లిప్ టెస్టు ఉంటుంది. ఆ పిల్లకి కావాల్సింది ఆ పాఠం ఒక్కటే.

నేను పనిచేసిన ఒక స్కూల్లోనూ ఇలాంటిదే చేయించారు. ప్రతి టీచరూ తన పాఠం మొదటి పేజీలోనే ఉండాలని పట్టు పట్టారు. సోషల్ మాస్టారికి పటాలు పైన ఉండాలి, సైన్సు టీచరమ్మకి ప్రయోగాల వీడియోలు ముందుండాలి, కరస్పాండెంట్ గారికి తన ఫొటో అన్నిటికంటే పెద్దగా ఉండాలి. చేసే కుర్రాడు ఎవరినీ నొప్పించలేక అందరివీ పెట్టేశాడు. ఎర్రక్షరాలు ఎడమవైపుకి పరిగెత్తేవి. ప్రతి లైను పక్కనా ‘కొత్తది’ అని మెరిసే చుక్క. ప్రారంభోత్సవం రోజు అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు కంప్యూటర్ రూములో తొమ్మిదో తరగతి పిల్లనొకదాన్ని కూర్చోబెట్టి, బహుపదుల పాఠం తియ్యమ్మా అన్నాను. మౌస్ అటూ ఇటూ తిప్పింది. ఏదో నొక్కితే లాగిన్ అడిగింది. తండ్రి నంబరు కొట్టింది. ఓటీపీ ఆయన ఫోన్‌కి పోయింది, ఆయనేమో గుంటూరు మిర్చి యార్డులో బస్తాల మధ్య ఉన్నాడు. ఆ పిల్ల కాసేపు తెర వంక చూసి, మౌస్ మెల్లగా పక్కకి జరిపి, "నాకు కంప్యూటర్ రాదు సార్" అంది. నోటితోనే కారణాంకాలు చెప్పే పిల్ల! తప్పు ఆ పేజీదని దానికి తట్టనే లేదు. తర్వాత కొన్నాళ్లకి పిల్లలకు ఆసక్తి లేదని తేల్చి, యాజమాన్యం దాన్ని అలాగే వదిలేసింది.

నా భయం ఇదేనమ్మా. పెద్దవాళ్లకి నచ్చకపోతే తిడతారు, నువ్వు దిద్దుకుంటావు. పిల్లలు తమకే చేతకాదనుకుని నోరెత్తకుండా వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లారని కూడా నీకు తెలియదు. అందుకే మొదటి పేజీలో అధ్యాయాల జాబితా, పైన ఒక వెతుకు పెట్టె ఉంచు, చాలు. లాగిన్ మార్కులు దాచుకోవాలన్నవాళ్లకే. పాఠం చదవడానికి ఎవరినీ నంబరు అడగకు.

మెనూలో ఏడు అంశాలే ఉండాలని ఎవరైనా చెబితే తల ఊపి ఊరుకో. 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన ఏడు, మనసులో పట్టి ఉంచుకోగలిగే వాటి సంగతి. తర్వాత 2001లో నెల్సన్ కోవన్ దాన్ని నాలుగు దాకా తగ్గించాడు. మెనూ కళ్ల ముందే ఉంటుంది, దాన్ని గుర్తుపెట్టుకునే పనేముంది? పద్నాలుగు పేర్లు పుస్తకంలోని వరుసలోనే ఉంటే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. బుర్ర మీద పడే అసలు బరువు పాఠం లోపల ఉంటుంది.

ఆ బరువు మీద ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల నుంచీ పనిచేశాడు. నీ త్రికోణమితి పేజీలో త్రిభుజం పైన ఉంది, ఏ భుజం ఏమిటో చెప్పే వివరణ మూడు పేరాల కింద ఉంది. ఫోన్‌లో చదివే పిల్ల పైకీ కిందికీ వేలితో జరుపుతూనే ఉండాలి. ఆ జరపడంలోనే సగం బుర్ర అయిపోతుంది. కర్ణం, ఎదుటి భుజం, ఆసన్న భుజం అని బొమ్మ మీదే రాసెయ్. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ముందు పూర్తిగా చేసిన లెక్క చూపించు, తర్వాత చివరి రెండు మెట్లు వదిలేసిన లెక్క ఇవ్వు, ఆ తర్వాతే ఖాళీ లెక్క. నేను బోర్డు మీద అలాగే చేసేవాణ్ణి, స్వెల్లర్ పేరు తెలియకముందు నుంచే. బాగా వచ్చిన పిల్లకి మాత్రం ఆ మెట్లన్నీ విసుగు పుట్టిస్తాయి, నేరుగా లెక్కలకి పోయే దారి ఒకటి పెట్టు.

తెలుగు అక్షరాల విషయంలో మాత్రం నిన్ను తిట్టాలి. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ల ఎడమే మన తెలుగుకీ పెట్టావు. ‘వర్గమూలం’ కింది ఒత్తు కింది లైను గుడి దీర్ఘాన్ని తాకుతోంది. ఎడం పెంచు. ఆ లేత బూడిదరంగు అక్షరాలు ఎండలో, పగిలిన గ్లాసు ఫోన్‌లో కనబడతాయా? అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలన్న ప్రమాణం నాకంటే నీకే బాగా తెలియాలి. పాత నోట్సు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో ఉంటే, అన్ని ఫోన్లలోనూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చు. ఫొటో తీసి పెట్టావంటే వెతికినా దొరకదు.

ఇంత తిట్టినా, మీ అమ్మ దగ్గర మాత్రం నిన్ను వెనకేసుకొచ్చాను. దాని లెక్క దానికి తెలుసు అన్నాను.

వచ్చేటప్పుడు సగం చేసిన సైటైనా సరే పట్టుకురా. మా వీధిలో పదో తరగతి పిల్లలున్నారు. వాళ్లింటి ఫోన్‌లోనే తెరిపిద్దాం. నువ్వు పక్కనే కూర్చో, కానీ ‘అక్కడ నొక్కు’ అని ఒక్క మాట కూడా అనకూడదు. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో రాసుకో, అంతే.

చివరిగా ఒక మాట, జవాబు మీ అమ్మకి కాకుండా నాకు రాయి. జీతం లేకుండా ఎన్నాళ్లు గడుస్తుందో లెక్క వేసుకున్నావా? సర్వర్ ఖర్చుతో పాటు నీ భోజనం ఖర్చు కూడా అందులో ఉండాలి.

ఆశీస్సులతో,
మావయ్య