కుక్క పోయినప్పట్నుంచి నాన్న సరిగా తినట్లేదు.. నిద్రమాత్ర ఇవ్వొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకి 67 ఏళ్లు, రిటైర్డ్ టీచర్, హనుమకొండలో అమ్మా ఆయనే ఉంటారు. 12 ఏళ్లు పెంచుకున్న లాబ్రడార్ కిడ్నీలు పాడై నెలన్నర కింద చనిపోయింది, చివర్లో దాని బాధ చూడలేక ఇంజక్షన్ ఇప్పించాం. అప్పట్నుంచి నాన్న సరిగా తినట్లేదు, వాకింగ్ మానేశారు, రాత్రిపూట గేటు దగ్గర అది అరిచినట్టు వినిపిస్తోంది అంటున్నారు. షుగర్, బీపీ ఉన్నాయి. చుట్టాలేమో కుక్క కోసం ఇంత ఏడుపా అని నవ్వుతున్నారు. నిద్రమాత్రలు వాడొచ్చా? ఇంకో పప్పీని తెచ్చిపెట్టమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు నాన్నగారి షుగర్ మాత్రల స్ట్రిప్ తీసి అందులో గ్లిమిపిరైడ్ ఉందేమో చూడండి. ఉంటే గనక, మాత్ర వేసుకుని అన్నం తినకపోతే షుగర్ 70 కిందకి పడిపోవచ్చు, చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, అది కూడా బెంగే అనుకుని వదిలేస్తే చాలా ప్రమాదం. అందుకని ఈ వారంలోనే రెగ్యులర్ డాక్టర్‌కి చూపించి డోసు సరిచేయించండి, అలాగే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఎన్నో ఏళ్లుగా వాడుతుంటే బీ12 విటమిన్ తగ్గొచ్చు, దానివల్ల కూడా నీరసం, దిగులు రావొచ్చు కాబట్టి అదీ, థైరాయిడూ ఒకసారి చెక్ చేయిస్తే మంచిది.

ఇక అరుపు వినిపించడం అంటారా, అది పిచ్చి కాదు. దగ్గరివాళ్లు పోయిన ఇంట్లో చాలామందికి కొన్నాళ్లు అలా అనిపిస్తుంది, అది నిజం కాదని ఆయనకి తెలుస్తున్నంతవరకు కంగారు పడక్కర్లేదు. నవ్వే చుట్టాలకి మాత్రం ఒక మాట చెప్పండి, అమెరికాలో హ్యూస్టన్‌లో 61 ఏళ్లావిడ తన కుక్క చనిపోయాక గుండెనొప్పితో ఆసుపత్రికి వచ్చింది, చూస్తే రక్తనాళాల్లో బ్లాక్ ఏమీ లేదు, విపరీతమైన మానసిక ఒత్తిడితో గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడింది, టాకోట్సుబో అంటారు దాన్ని, 2017లో పెద్ద మెడికల్ జర్నల్‌లోనే వచ్చింది ఆ కేసు. ఇది ఎక్కువగా మెనోపాజ్ దాటిన ఆడవాళ్లలో చూస్తాం, మగవాళ్లకి తక్కువ. అయినా షుగర్ ఉన్న మనిషి కాబట్టి ఛాతీలో బరువు, ఆయాసం అంటే మాత్రం గ్యాసే అనుకోకుండా వెంటనే ఈసీజీ తీయించండి.

ఆ ఇంజక్షన్ విషయం ఆయన లోపల తొలుస్తోందేమో అని నాకు అనుమానం. నేనే చంపించాను, ముందే కనిపెట్టాల్సింది అని అనుకుంటూ ఉండొచ్చు. నిజానికి కుక్కలకి కిడ్నీలు దాదాపు ముప్పావు వంతు దెబ్బతిన్నాక గానీ రిపోర్టులో క్రియాటినిన్ పెరిగి కనిపించదు, ఇంట్లోవాళ్లు కనిపెట్టడం ఎలా కుదురుతుంది చెప్పండి? ఆ ఇంజక్షన్ కూడా ఎక్కువ డోసులో ఇచ్చే మత్తుమందే, ముందు స్పృహ పోతుంది, ఆ తర్వాతే గుండె ఆగుతుంది. ఈ ముక్కలు మీరు చెప్తే ఓదార్పు అనుకుంటారు, అదే వైద్యం చేసిన పశువుల డాక్టర్ గారితో ఒకసారి ఫోన్‌లో మాట్లాడిస్తే నమ్ముతారు.

నిద్రమాత్రలు వద్దు. మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రాజోలం తెచ్చి వేసేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు, ఈ వయసులో అది వేసుకుని రాత్రి బాత్రూంకి లేచి పడితే తుంటి విరుగుతుంది, పైగా అలవాటైపోతుంది. పగటి నిద్ర తగ్గించి పొద్దున్నే నడిపిస్తే సగం నిద్ర అదే వస్తుంది. అసలు నాన్నగారు ఇన్నాళ్లూ టైముకి లేచింది, నడిచింది, నలుగురితో మాట్లాడింది ఆ కుక్క వల్లే కదా, ఇప్పుడు కుక్కతో పాటు ఆ టైంటేబుల్ మొత్తం పోయింది. అందుకే అమ్మని తోడు పంపించండి, పాత దారి వద్దంటే ఇంకో వీధిలోంచి, పదిహేను నిమిషాలైనా సరే. అది తిన్న గిన్నె, బెల్టు ఆయనకి చెప్పకుండా తీసేయకండి.

రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం తేరుకోవాలి. అలా కాకుండా బరువు తగ్గిపోతున్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా సైకియాట్రిస్ట్‌కి చూపించండి. నేనుండి ఏం లాభం లాంటి మాట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ టైంలో చేసినా తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ.

పప్పీని సర్‌ప్రైజ్‌గా మాత్రం తేకండి, దాని బదులు ఇది అన్నట్టు ఉంటుంది ఆయనకి. పైగా లాబ్రడార్ పిల్ల ఏడాదికల్లా పాతిక కిలోలు దాటుతుంది, గుంజితే ఆయన ఆపలేరు, మరో పదేళ్లకి పైగా ఎవరు చూస్తారన్నది కూడా ఉంది. ఆయనే అడిగిన రోజున నెమ్మదిగా ఉండే, వయసొచ్చిన కుక్కని దత్తత తీసుకోవచ్చు, ఈలోగా వీధి కుక్కలకి బిస్కెట్లు వేస్తానంటే వెయ్యనివ్వండి, కరిచినా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ వ్యాక్సిన్ వేయించండి.