పథకం వేయగానే రాయబుద్ధి కావడం లేదన్న మీ ప్రశ్నకు

నమస్కారమండీ. ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం చేస్తూ, రోజూ ఉదయం ఐదింటికి లేచి, కథ మొత్తానికి పథకం వేసుకుని రాయబోయి విసిగిపోయానన్నారు. పథకం పూర్తికాగానే ఆసక్తి పోతోందన్నారు. ఇది బద్ధకం కానే కాదు. కథ ఎటు పోతుందో చూడాలన్న కుతూహలమే మీ చేత రాయిస్తుంది. ముగింపు ముందే తెలిస్తే అది తీరిపోతుంది. దారంతా తెలిస్తేనే అడుగు వేయగలిగేవారు వేరే ఉన్నారు, మీరు ఆ కోవకు చెందరు.

కాబట్టి పథకం పక్కన పెట్టండి. ఒక మనిషి, అతనికొక ఇబ్బంది, ఇద్దరి మధ్య సంభాషణ: వీటితో మొదలుపెట్టండి. చిత్తుప్రతి గజిబిజిగానే వస్తుంది, రానివ్వండి. అల్లిక సంగతి తిరగరాసేటప్పుడు చూడాలి. దానికి చాలా ఓపిక కావాలి, ఈ పద్ధతికి చెల్లించే మూల్యం అదే. ఇంకొకటి, సన్నివేశం పూర్తిచేసి లేవకండి. మాటల మధ్యలో ఆపితే మర్నాడు మొదలుపెట్టడం తేలిక.

రాత్రి షిఫ్టు చేసినవారికి ఉదయం ఐదు గంటల నియమం పనికిరాదు. గడియారానికి కాకుండా, నిద్రలేచాక తాగే టీకి రాతను ముడిపెట్టండి.

కూర్చుంటే ఆలోచన రాదన్నారు కదా, సెలవు రోజున విశాఖ బీచ్ రోడ్డులో నడుస్తూ సంభాషణలను ఫోనులో రికార్డు చేయండి. తెల్లవారుజామున అక్కడ వాహనాల రాకపోకలను ఆపుతారు, మీ గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. విశాఖలో న్యాయవాదిగా పనిచేసిన కథారచయిత రావిశాస్త్రి గారు కోర్టుల చుట్టూ తిరిగే మనుషులనే కథల్లోకి తెచ్చారు. మీ బస్సులో, క్యాంటీనులో వినిపించే మాటలు మీకు అలాంటి ముడిసరుకే. మొదటి రెండు పేజీలు రాగానే పంపండి, తప్పకుండా చదువుతాను.