కోడి జబ్బు పడితే ముందు వెతకాల్సింది మందు కాదు

తల్లీ,

రాత్రి నువ్వు ఫోన్‌లో ఏడుస్తూ చెప్పిందంతా విన్నాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. పొద్దున బాగానే తిరిగిన పెట్ట సాయంత్రానికి ఈకలు ఉబ్బించుకుని, తల లోపలికి ముడుచుకుని మూలన కూర్చుందన్నావు, ఏ మందు వేయాలో చెప్పమన్నావు. ఆ టెన్షన్‌లో నేను చెప్పింది సగం నీ చెవికి ఎక్కి ఉండదు. అందుకే కూర్చుని వివరంగా రాస్తున్నాను, ఒకటికి రెండుసార్లు చదువుకో.

ముందు ఒక సంగతి తెలుసుకో. కోడి జబ్బుని దాచుకుంటుంది. గుంపులో నీరసంగా కనిపించిన దాన్ని మిగతావి పొడుస్తాయి, మేత దగ్గరికి రానివ్వవు. అందుకని ఒంట్లో శక్తి ఉన్నంతసేపు అది నిలబడే ఉంటుంది, ఏమీ తినకపోయినా మిగతావాటితో కలిసి నేలని పొడుస్తూ తింటున్నట్టే కనిపిస్తుంది. అంటే నీకు నిన్న కనిపించిన జబ్బు నిన్న మొదలైంది కాకపోవచ్చు. ఇందులో నీ తప్పు ఏమీ లేదు, ఎన్నో ఏళ్లుగా పెంచుతున్న నాకూ ఇప్పటికీ ఆలస్యంగానే తెలుస్తుంది. కాకపోతే ఇక చేతులు కట్టుకుని రేపటిదాకా చూద్దాం అనుకోకూడదు.

మొదటి పని దాన్ని వేరు చేయడం. పెద్ద అట్టపెట్టె ఉంటే చాలు, అడుగున పాత తువ్వాలు పరిచి, మనుషుల సందడీ కుక్కా పిల్లీ లేని గదిలో పెట్టు. వెలుతురు తక్కువగా ఉండాలి. పెట్టెలో ఒక పక్కన మాత్రమే వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి పెట్టు, రెండో పక్క మామూలుగా వదిలెయ్. వేడి ఎక్కువైతే అదే పక్కకి జరుగుతుంది. పెట్టె లోపల 27 నుంచి 30 డిగ్రీల దాకా ఉంటే సరిపోతుంది. జబ్బు పడ్డ కోడి ఉన్న కాస్త బలాన్నీ ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చుపెట్టేస్తుంది, ఆ పని మనం చేసిపెడితే మిగతా బలం జబ్బుతో పోరాడటానికి మిగులుతుంది. అందుకే నా దృష్టిలో వరస ఇది: ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాత మేత, అన్నిటికంటే చివర మందు. చాలామంది దీన్ని తలకిందులు చేసి కోడిని పోగొట్టుకుంటారు. ఎండకి వడదెబ్బ తగిలిన కోడికి మాత్రం ఇది వర్తించదు. రెక్కలు దూరంగా పెట్టి, నోరు తెరిచి రొప్పుతుంటే దాన్ని నీడకి చేర్చి, కాళ్లు చల్లని నీళ్లలో ఉంచాలి, ఐసు నీళ్లలో కాదు.

వేరు చేశాక ఒక పది నిమిషాలు దాన్ని ఒళ్లో పెట్టుకుని నిదానంగా తడిమి చూడు. ఒళ్లు వేడిగా తగిలిందని జ్వరం అనుకోకు, కోడి ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీలు ఉంటుంది. తురాయి రంగు చూడు. బాగా పాలిపోయి ఉంటే రక్తం తగ్గిందని, అంటే పేలో, పురుగులో, లోపల రక్తం పోవడమో జరుగుతోందని అనుమానించాలి. ఊదారంగులోకి తిరిగితే ఊపిరికో గుండెకో ఇబ్బందిగా ఉందని అర్థం. రొమ్ము ఎముక మీద వేలు పెట్టి పక్కలకి జరుపు. రెండు వైపులా కండ నిండుగా తగిలితే జబ్బు కొత్తది, ఎముక కత్తి అంచులా తగిలితే చాలా రోజులుగా లోపల చిక్కిపోతోందన్నమాట. తోక కింద ఈకలు విడదీసి చూడు, ఈకల మొదళ్లలో తెల్లగా గుత్తులుగా అంటుకుని ఉంటే అవి పేల గుడ్లు. ఎర్రని పురుగులు కొన్ని పగలు గూడు చెక్కల సందుల్లో దాక్కుని రాత్రి మాత్రమే కోడిని పీలుస్తాయి, అందుకని రాత్రి టార్చి వేసి గూడు కూడా చూడాలి. పాదాల అడుగున నల్లటి పెచ్చు ఉందేమో కూడా చూడు.

ఇక మేతసంచి, అంటే కోడి తిన్నది ముందుగా చేరే సంచి. మెడ కింద, రొమ్ముకి కాస్త పైన, కుడివైపుకి ఉంటుంది. సాయంత్రం నిండుగా ఉండటం మామూలే. రాత్రంతా మేత తీసేసి, తెల్లవారి మళ్లీ వేయకముందు చూస్తే ఖాళీగా, చదునుగా ఉండాలి. అప్పుడు కూడా గట్టిగా బంతిలా ఉంటే లోపల గడ్డిపీచో మరేదో అడ్డుపడింది. నీళ్లు నింపిన బుడగలా మెత్తగా ఉండి, నోటి దగ్గర పులిసిన వాసన వస్తుంటే సంచి పులిసిపోయింది. ఇలాంటప్పుడు కోడిని తలకిందులుగా పట్టుకుని కక్కించమని చెప్పేవాళ్లు ఉంటారు, ఆ పని మాత్రం చేయకు. కక్కు ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడికక్కడే ప్రాణం పోతుంది.

రెట్ట చూడటానికి అసహ్యించుకోకు, కోడి నోటితో చెప్పలేనిదంతా అక్కడే ఉంటుంది. తువ్వాలు మీద ఒక తెల్ల కాగితం వేస్తే బాగా తెలుస్తుంది. ముదురు రంగు రెట్ట మీద తెల్లగా టోపీలా ఉంటే మంచిదే. రోజుకి రెండు మూడుసార్లు గోధుమరంగులో జిగటగా, ఘాటు వాసనతో వేసేది కూడా మామూలుదే, దాన్ని చూసి కంగారు పడకు. ఏమీ తినని కోడి ఆకుపచ్చగా వేస్తుంది. రక్తం కనిపిస్తే, అందులోనూ పిల్లలకి గానీ ఎదిగే కోళ్లకి గానీ అయితే, కాక్సీడియోసిస్, అంటే పేగుల్లో చేరే సూక్ష్మ పరాన్నజీవుల జబ్బు, అనుకోవాలి. దీనికి ఆంప్రోలియం అనే మందు నీళ్లలో కలిపి ఇస్తారు, మోతాదు మాత్రం డాక్టర్‌ని అడుగు. తడిసిన నేల మీదే ఈ జబ్బు బలుస్తుంది కాబట్టి, మందు ఇచ్చి గూట్లో తడి వదిలేస్తే మళ్లీ వస్తుంది.

నీళ్ల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇక్కడే నేను ఒక పెట్టని చంపుకున్నాను. నాకు ఇరవై ఏళ్లప్పుడు, బాగా గుడ్లు పెట్టే ఎర్ర పెట్ట ఒకటి ఇలాగే ముడుచుకుంటే, పాపం దాహంగా ఉందేమో అని ముక్కు తెరిచి చెంచాతో నీళ్లు పోశాను. ఒక్కసారి గుటక వేసింది, మెడ చాచింది, రెండు నిమిషాల్లో నా చేతుల్లోనే పోయింది. కోడి నాలుక వెనకాలే గాలి పోయే రంధ్రం తెరిచి ఉంటుంది, పైనుంచి పోసిన నీళ్లు తిన్నగా అందులోకి పోతాయి. ఆ సంగతి అప్పుడు నాకు చెప్పినవాళ్లు లేరు. అందుకే నీకు చెబుతున్నాను: నోట్లో పోయకు. సూది లేని సిరంజితో గానీ డ్రాపర్‌తో గానీ ముక్కు పక్క అంచున ఒక్క చుక్క వేసి ఆగు. చుక్క లోపలికి జారుతుంది, కోడి నాలుక ఆడించి తనే మింగుతుంది. మింగాక ఇంకో చుక్క. తల కూడా ఎత్తలేని స్థితిలో ఉంటే అసలు ఏమీ పట్టకు, వెచ్చబెట్టి కాస్త తేరుకునేదాకా ఆగు.

ఆ నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు తలకొట్టుగా కొలిచి కలుపు. ఉప్పు ఒక్క చిటికెడు కూడా పెంచకు, కోళ్లు ఎక్కువ ఉప్పుకి తట్టుకోలేవు. ఇవి మొదటి రోజు ఇచ్చి తర్వాత మామూలు నీళ్లకి మారిపో. తనంతట తను తాగుతోంటే అప్పుడు దాని మేతనే వేడినీళ్లలో మెత్తగా నానబెట్టి చల్లార్చి కొద్దిగా పెట్టు, ఉడికించిన గుడ్డు సొన చిదిమి కలిపినా మంచిదే. మేతసంచి ఖాళీ అవకుండా ఉంటే మాత్రం పైనుంచి మేత పెట్టకూడదు.

నీ పెట్ట గుడ్లు పెట్టే వయసుది కాబట్టి ఇంకొకటి గమనించాలి. తోక కిందికి వాల్చి, నిటారుగా నిలబడి, తోకని పంపు కొట్టినట్టు ఆడిస్తూ ముక్కుతుంటే గుడ్డు అడ్డుపడిందేమో. అలాంటప్పుడు టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, పొట్ట మునిగేలా పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, పూర్తిగా తుడిచి ఆరబెట్టి, మళ్లీ చీకటి పెట్టెలో పెట్టు. చాలా పెట్టలు ఆ నీళ్లలో కళ్లు మూసుకుని హాయిగా కూర్చుంటాయి, భయపడతాయేమో అనుకోకు. పొట్ట నొక్కకు, లోపల గుడ్డు పగిలితే ప్రమాదం. ఒకటి రెండుసార్లు ఇలా చేసినా గుడ్డు రాకపోతే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లిపో.

ఇంట్లో మనుషులకి తెచ్చిన యాంటీబయాటిక్ మాత్ర చిదిమి పెడదామా అని అడిగావు కదా. వద్దు. జబ్బు వైరస్‌దైతే అది పనిచేయదు. కాకపోయినా మోతాదు తెలియకుండా వేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. డాక్టర్ చూసి ఏ మందు రాసినా, గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో కూడా తప్పకుండా అడుగు.

ఒక్క కోడికే అయితే ఇదంతా ఇంట్లో చూసుకోవచ్చు. కానీ నోరు తెరిచి ఊపిరి కోసం ఎగబీల్చడం, మెడ మెలితిరగడం, కాళ్లు పడిపోవడం, ముఖం వాచిపోవడం, లేదా ఒకటి రెండు రోజుల్లోనే ఇంకో కోడి కూడా పడిపోవడం, వీటిలో ఏది చూసినా ఇంటి వైద్యం ఆపేసి డాక్టర్‌కి ఫోన్ చెయ్. మెడ తిరిగి, ఆకుపచ్చటి విరేచనాలు అయితే అది కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) కావచ్చు, దానికి వచ్చాక మందు లేదు, ముందే టీకా వేయించడమే దారి. ఉన్నట్టుండి చాలా కోళ్లు చనిపోతే బర్డ్ ఫ్లూ అనుమానంతో పశువైద్యాధికారులకు చెప్పాలి, చచ్చినవాటిని ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు, కోయకూడదు. 1997లో హాంకాంగ్‌లో ఇది మనుషులకి సోకి 18 మందికి వచ్చింది, ఆరుగురు చనిపోయారు. అందుకే ఇప్పుడు కూడా ముందు బాగున్నవాటికి మేత వేసి, ఆఖర్న జబ్బుదాని దగ్గరికి వెళ్లు, వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కో, చెప్పులు వేరేవి వాడు. మీ చిన్నపిల్లని ఆ కోడిని ఎత్తుకుని ముద్దు చేయనివ్వకు, ఎంత మారాం చేసినా సరే.

ఇంత చేసినా కొన్ని దక్కవు తల్లీ. రెండు రోజులైనా ఏ మార్పూ లేక, బాధతో మూలుగుతుంటే, దాన్ని నొప్పి లేకుండా పంపించమని డాక్టర్‌ని అడగడం పాపం కాదు. ఆ మాట అనడానికి నాకూ గొంతు పూడుకుపోతుంది, కానీ మన బెంగ కోసం దాన్ని బాధలో ఉంచకూడదు.

కోలుకుంటే మాత్రం తొందరపడి గుంపులో వదలకు. పెట్టెలో ఉన్న నాలుగు రోజుల్లోనే మిగతావి దాన్ని పరాయిదానిలా చూడటం మొదలుపెడతాయి, వదలగానే పొడుస్తాయి. మధ్యలో జాలీ కట్టి, ఒకదానికొకటి కనిపించేలా రెండు మూడు రోజులు ఉంచి, అప్పుడు కలుపు. కలిపే రోజు మేత రెండు చోట్ల పెట్టు.

ఈ రాత్రి మేత తీసేసి, రేపు తెల్లవారగానే మేత వేయకముందే దాని మేతసంచి తడిమి చూడు. గట్టిగా ఉందా, మెత్తగా ఉందా, ఖాళీ అయిందా నాకు ఫోన్ చేసి చెప్పు. నేను ఐదింటికే లేచి ఉంటాను.

మీ పెద్దమ్మ