కుక్కల గ్రూమింగ్ నేర్చుకుంటాడట, పంపమంటారా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. మా వాడు ఇంటర్ బైపీసీ పాసయ్యాడు. డిగ్రీలో చేరమంటే, చెన్నై వెళ్లి కుక్కల గ్రూమింగ్ నేర్చుకుంటానంటున్నాడు. కుక్కలకి క్షవరం చెయ్యడం కూడా ఒక చదువేనా అని వాళ్లమ్మ ఒకటే గోల. ఏం చెయ్యమంటారు?

జవాబు: అయ్యా, ముందు అమ్మగారి టెన్షన్ సంగతి చూద్దాం. ఒంగోలు గిత్తను పోటీకి తోలుకెళ్లే ముందు రైతు దాన్ని రుద్ది రుద్ది కడుగుతాడు, మెడలో గంటలు కట్టి ముస్తాబు చేస్తాడు. అది చూసి ఊరంతా మురిసిపోతుంది. కుక్క దగ్గరికొచ్చేసరికే మనకు నామోషీ.

పైగా ఇది నిన్న మొన్న పుట్టిన పని కాదు. పూడుల్ అనే కుక్కను ఫొటోల్లోనైనా చూసుంటారు. వేటగాడు కొట్టిన బాతును నీళ్లలోంచి నోట కరచుకొచ్చే కుక్క అది. ఒత్తు బొచ్చు తడిసి బరువెక్కితే ఈదలేదని వెనక భాగం గొరిగేసి, చలి తగలకుండా ఛాతీ మీదా కీళ్ల దగ్గరా వదిలేవాళ్లంటారు. ఇప్పుడు మనకు సోకుగా కనిపించే ఆ బొచ్చు బంతుల వెనక కథ అదీ. తర్వాత ఫ్రాన్స్‌లో గొప్పిళ్లలోకి చేరాక అదే ఫ్యాషనైంది. 19వ శతాబ్దం మొదట్లో పారిస్‌లో సీన్ నది ఒడ్డున కూర్చుని కుక్కల బొచ్చు కత్తిరించి బతికిన ఆడవాళ్లుండేవాళ్లు. అప్పటి చిత్రాల్లో కనిపిస్తారు.

1859లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో కుక్కల ప్రదర్శన పెట్టారు. అందులో పాయింటర్లు, సెట్టర్లు అనే వేటకుక్కలే. 1873లో లండన్‌లో కెన్నెల్ క్లబ్ అని కుక్కల జాతుల సంఘం వచ్చింది. ఏ జాతి ఎలా కనబడాలో రాతలో పెట్టడంతో కత్తెర పట్టే చేతికి గిరాకీ పెరిగింది. 1919లో అమెరికాలో లియో వాల్ అనే ఆయన జుట్టు కత్తిరించే కరెంటు క్లిప్పర్‌కి పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టాడు. మనుషుల కోసం చేసిన మిషనే, కుక్కల దాకా వచ్చింది.

ఇదంతా మీ వాడికి ఎందుకంటే, మిషను ఎవరైనా కొంటారు, బొచ్చు సంగతి తెలిసినవాళ్లే తక్కువ. నెల్లూరులో మా వీధిలో ఒక పమేరియన్ ఉంది. ఎండలకి పాపం అని మే నెలలో ఒకచోట నున్నగా గొరిగించారు. సంక్రాంతి వచ్చినా వీపు మీద బొచ్చు అతుకుల బొంతలాగే ఉంది. దానికి పైన బిరుసు బొచ్చు, లోపల మెత్తటి బొచ్చు, రెండు పొరలు. పై పొర ఎండను కూడా ఆపుతుంది. లోపల ఊడిన బొచ్చును దువ్వి తీసేస్తే చాలు. షిట్జూ అనే జాతి కుక్క అలా కాదు, దాని జుట్టు పెరుగుతూనే ఉంటుంది, కత్తిరించాల్సిందే. మన నెల్లూరు గొర్రెకు ఉన్నియే లేదు కాబట్టి ఈ గొడవలు మనకు అలవాటు లేదు లెండి.

పంపొచ్చు, కానీ వేలకు వేలు కట్టించుకుని రెండు వారాల్లో సర్టిఫికెట్ ఇచ్చే చోటికి కాదు. మంచి పనివాడి దగ్గర కనీసం ఆరు నెలలు హెల్పర్‌గా స్నానాలు పోయిస్తూ నేర్చుకోవాలి. వెళ్లే ముందే రేబిస్ టీకాలు వేయించండి. తిరిగొచ్చాక షాపుకని అప్పు చెయ్యొద్దు, నెల్లూరులో ఇళ్లకు వెళ్లి చెయ్యడంతో మొదలుపెట్టనివ్వండి. బైపీసీ కాబట్టి ఒక మాట అడగండి: నిజంగా జంతువులంటే ఇష్టమైతే పశువైద్యం ఎందుకు వద్దు? ఐదున్నరేళ్ల కోర్సు, తిరుపతిలోనే వెటర్నరీ యూనివర్సిటీ ఉంది. సీటు కష్టమే, ఆలోచించి వద్దంటే అది వేరే సంగతి.

ఈ ఆదివారం తెలిసినవాళ్ల కుక్కనొకదాన్ని అప్పగించండి. గోమార్లు ఏరి, స్నానం చేయించి, చెవుల వెనక ఉండలు కట్టిన బొచ్చు విడదియ్యమనండి. గోళ్ల జోలికి అప్పుడే వద్దు, లోపల రక్తనాళం ఉంటుంది, నల్లగోళ్లలో కనపడదు. కుక్క గుర్రుమన్నప్పుడు మీ వాడు విసుక్కుంటాడో, చెయ్యి ఆపి బుజ్జగిస్తాడో పక్కనే నిలబడి చూడండి. చూశాక నాకు రాయండి, చెన్నై సంగతి అప్పుడు తేల్చుకుందాం.