పాయింట్ రేయస్ అసోసియేషన్‌కి డబ్బివ్వాలా, వాలంటీర్‌గా వెళ్లాలా?

పాయింట్ రేయస్ అంటే కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉన్న సముద్రతీర పార్కు. దాని గురించి మీరు అడిగినవి మూడు. పాయింట్ రేయస్ నేషనల్ సీషోర్ అసోసియేషన్ నమ్మదగిన సంస్థేనా, ప్రభుత్వం నడిపే పార్కుకి మనం విరాళం ఎందుకివ్వాలి, ఫ్రీమాంట్ నుంచి పిల్లల్ని (పదేళ్ల పాప, పదమూడేళ్ల బాబు) తీసుకెళ్లి అక్కడ ఏదైనా పని చేయొచ్చా. నేను శాన్ హోసేలో ఉంటాను. కొన్నేళ్లుగా చలికాలం వారాంతాల్లో అక్కడ డోసెంట్‌గా, అంటే వచ్చినవాళ్లకి జంతువుల గురించి చెప్పే వాలంటీర్‌గా వెళ్తున్నాను. ఆ అసోసియేషన్‌కి ఏటా కొంత డబ్బు కూడా ఇస్తాను. అందుకని నా మాటల్లో కొంచెం అభిమానం ఉంటుంది, ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

ముందు ఒక తికమక తీరుస్తాను. పార్కు వేరు, అసోసియేషన్ వేరు. పార్కుని నడిపేది ఫెడరల్ ప్రభుత్వంలోని నేషనల్ పార్క్ సర్వీస్. 1962 సెప్టెంబర్ 13న అధ్యక్షుడు కెనడీ సంతకంతో ఏర్పడింది, సుమారు 71 వేల ఎకరాలు. పేరులో పార్క్ బదులు సీషోర్ అని ఉన్నా యోసెమిటీని చూసే శాఖే దీన్నీ చూస్తుంది. అసోసియేషన్ 1964లో పుట్టిన లాభాపేక్ష లేని సంస్థ. విజిటర్ సెంటర్లలో పుస్తకాల షాపులు వాళ్లవే. పెద్దవాళ్లకి ప్రకృతి క్లాసులు, పిల్లలకి వేసవి క్యాంపులు పెడతారు. పార్కు చేయాలనుకుని డబ్బు చాలని పనులకి నిధులు పోగు చేస్తారు. డోసెంట్లకి ట్రైనింగ్ ఇచ్చి డ్యూటీ వేసేది మాత్రం పార్కే. నమ్మకం సంగతంటారా, ఇలాంటి లాభాపేక్ష లేని సంస్థలు ఏటా పన్నుల శాఖకి ఇచ్చే ఫారం 990 అందరూ చూడొచ్చు. ఆదాయం, ఖర్చు, పెద్ద ఉద్యోగుల జీతాలు అన్నీ అందులో ఉంటాయి. నేను మొదటిసారి చెక్కు రాసే ముందు అది తిరగేశాను. మీరూ ఒక అరగంట కూర్చుని చూడండి, నా మాట మీద ఇవ్వొద్దు.

ప్రభుత్వ పార్కుకి విరాళం ఎందుకు అన్న ప్రశ్న నాకూ వచ్చింది. పన్నులు కడుతున్నాం కదా అని. జవాబు అక్కడి గేటు దగ్గరే ఉంది. అంటే అసలు గేటే లేదు. యోసెమిటీకి వెళ్తే కారుకి ప్రవేశ రుసుము కడతాం, ఫెడరల్ చట్టం ప్రకారం అలాంటి రుసుముల్లో ఎక్కువ భాగం, మామూలుగా 80 శాతం, వసూలు చేసిన పార్కుకే మిగులుతుంది. పాయింట్ రేయస్‌కి ప్రవేశ రుసుము లేదు. క్యాంపింగ్‌కి కట్టేది తప్ప ఆ దారిలో పెద్దగా డబ్బు రాదు. బే ఏరియా జనం బోలెడుమంది వస్తారు, ఉచితంగా చూసి వెళ్తారు. మంచిదే, అలాగే ఉండాలి కూడా. కానీ ఆ లోటుని ఎవరో ఒకరు పూడ్చాలి.

పూడిస్తే ఏమవుతుందో కళ్లతో చూడాలంటే పాయింట్ రేయస్ స్టేషన్ ఊరి అంచున ఉన్న జకొమీని చిత్తడి నేల దగ్గర ఆగండి. టొమాలెస్ అఖాతం కొసన 1940లలో కరకట్టలు కట్టి, ఉప్పునీటి నేలని పాడి పశువుల మేత భూమి చేశారు. 2000లో పార్క్ సర్వీస్ ఆ భూమి కొన్నది. 2008లో కట్టలు తెగ్గొట్టి అలల్ని మళ్లీ లోపలికి రానిచ్చారు. సుమారు 550 ఎకరాలు. దానికి నిధులు కూడగట్టడంలో అసోసియేషన్ చేయి ఉంది. ఇప్పుడు చలికాలం పొద్దున అక్కడ బాతుల్ని, కొంగల్ని చూడాలంటే కారు దిగి పదడుగులు వేస్తే చాలు. మా ఆవిడ పార్కు మొత్తంలో అదే బాగుంటుందంటుంది. నేను ఒప్పుకోను, నాకు సముద్రం హోరు కావాలి.

ఇక వాలంటీర్ పని. మీ ప్రశ్నలో "పిల్లలు జంతువులకి దగ్గరగా ఉండొచ్చు" అని రాశారు. ఇది మాత్రం గట్టిగా చెప్పాలి: అక్కడ డోసెంట్ పనంతా మనుషుల్ని జంతువులకి దూరంగా ఉంచడమే. మనం కాపలా కాసేది జనాన్ని.

స్నోయీ ప్లోవర్ అనే పిట్ట సంగతి చూడండి. పిచ్చుక కన్నా కాస్త పెద్దది, ఇసుక రంగు. అమెరికా పశ్చిమ తీరంలో ఉండే వీటిని 1993లో ప్రమాదంలో ఉన్న జాతిగా ఫెడరల్ జాబితాలో చేర్చారు. గూడంటే చెట్టూ పుట్టా ఏమీ లేదు, ఇసుకలో చిన్న గుంట, అందులో సాధారణంగా మూడు గుడ్లు. పక్కన నిలబడినా కనపడవు, కాలు పడితే అంతే. పిల్లలు గుడ్డులోంచి వచ్చిన కొద్ది గంటలకే గూడు వదిలి తండ్రి వెంట పరుగెడతాయి. తల్లి చాలాసార్లు ఇంకో మగపిట్టతో ఇంకో గూడు పెట్టడానికి వెళ్లిపోతుంది. ఎగరడానికి నెల రోజులు పట్టే ఆ పిల్లలు అంతవరకూ ఇసుక మీదే తిరగాలి. ఆ నెలలో వారాంతాలు ఎన్ని వస్తాయో లెక్కేసుకోండి. పాయింట్ రేయస్‌లోనే చేసి 2003లో ప్రచురించిన పరిశోధనలో, మామూలు రోజుల కన్నా శని ఆదివారాల్లో, సెలవు రోజుల్లో పిట్ట పిల్లలు ఎక్కువ చనిపోతున్నాయని తేలింది. ఎవరూ కావాలని చంపడం లేదు. గాలిపటాలు, వదిలేసిన కుక్కలు, ఎండలో పరుగెత్తే మన పిల్లలు. తండ్రి పిట్ట బెదిరి దూరం పోతుంది, పిల్ల తిండి మానేసి ఇసుకలో నక్కుతుంది. అందుకే వేసవి వారాంతాల్లో ఆబట్స్ లగూన్ దారిలో డోసెంట్లు నిలబడతారు.

మనుషులు కాక రెండో బాధ బొంతకాకులు. రేవెన్ అంటారు ఇక్కడ. మనం పారేసిన తిండి ఉన్న చోటికి అవి చేరతాయి, చేరాక గుడ్లు వెతుక్కుంటాయి. గూడు దొరికితే పార్కువాళ్లు చుట్టూ వైరు జాలీ పెడతారు, పిట్ట దూరగలదు, కాకి దూరలేదు. ఒకసారి కాకినాడ నుంచి ఇక్కడున్న తన పిల్లల దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన ఇది విని, "అక్కడా కాకుల గోలేనాండీ" అని నవ్వారు. ఉప్పాడ వైపు తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టి పోతే కుక్కలు తవ్వేస్తాయనీ, గుడ్లు ఏరి కంచె వేసిన చోట పొదిగిస్తారనీ ఆయనే చెప్పారు. ఆ రోజు నాకంటే ఆయన చుట్టూనే ఎక్కువమంది మూగారు, నేను తర్జుమా చేశాను.

చలికాలం సంగతి వేరు, అప్పుడు హీరోలు ఎలిఫెంట్ సీల్స్ అనే భారీ సముద్ర క్షీరదాలు. పెద్ద మగది రెండు టన్నులు దాటుతుంది. నూనె కోసం 19వ శతాబ్దంలో వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. మెక్సికోలోని గ్వాడలూపే దీవిలో మిగిలిన కొద్ది వాటి సంతానమే ఈ రోజున్నవన్నీ. పాయింట్ రేయస్‌కి 1970ల మొదట్లో తిరిగొచ్చాయి, 1981లో చిమ్నీ రాక్ దగ్గర మొదటిసారి పిల్లని కన్నాయి. డిసెంబర్ నుంచి మార్చి దాకా జోరు. తల్లి నాలుగు వారాలు నీళ్లలోకి పోకుండా, ఏమీ తినకుండా పాలిస్తుంది. ఆ తర్వాత పిల్లని ఇసుక మీదే వదిలి వెళ్లిపోతుంది. ఈతా వేటా ఎవరూ నేర్పరు, అది తనంతట తనే నేర్చుకోవాలి. ఈ మాట చెప్పగానే మన ఇండియన్ తల్లుల మొహాలు చూడాలి!

డ్యూటీలో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "అది చచ్చిపోయిందా?" నిద్రలో అవి నిమిషాల తరబడి ఊపిరి బిగబడతాయి, కదలవు. ఆగి చూస్తే కాసేపటికి ఇసుక ఎగజల్లుకుంటుంది, జనం హమ్మయ్య అనుకుంటారు. 2019 జనవరిలో నిధుల్లేక ప్రభుత్వం షట్‌డౌన్ అయి పార్కు సిబ్బంది లేనప్పుడు తుపాను అలలకి చోటు చాలక అరవై దాకా సీల్స్ డ్రేక్స్ బీచ్‌కి వచ్చి, పార్కింగ్ లాట్ పక్కదాకా పాకేశాయి. తరిమేవాళ్లు లేరు. తెరిచాక పార్కు వాటిని కదిలించకుండా కొన్నాళ్లు జనం నడిచే చోటు మార్చి డోసెంట్లని పెట్టింది. ఇప్పుడు చలికాలంలో అక్కడ సీల్స్ కనిపించడం మామూలైపోయింది.

వసంతంలో ఇంకో చిక్కు ఉంటుంది. అప్పుడు పుట్టేవి హార్బర్ సీల్ అనే ఇంకో రకం సీల్ పిల్లలు. తల్లి వేటకెళ్తే ఒడ్డున ఒంటరిగా ఉంటాయి, చూసినవాళ్లు అనాథ అనుకుని దుప్పటి కప్పి కారెక్కిస్తారు. చేయొద్దు. 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం నేరం, పైగా తల్లి తిరిగొచ్చేసరికి పిల్ల ఉండదు. ఏ జంతువుకైనా దెబ్బ తగిలినట్టు అనిపిస్తే సాసలీటోలోని మెరైన్ మామల్ సెంటర్‌కి ఫోన్ చేయాలి, వాళ్ల పనే అది. డ్రోన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను: నేషనల్ పార్కులన్నింట్లో నిషేధం. పాపం మనవాళ్లే ఎక్కువ తెస్తుంటారు, చెప్తే వెంటనే దించేస్తారు కూడా.

మీరు అడగకపోయినా ఒక విషయం తెలియాలి. టూలే ఎల్క్ దుప్పుల మీద, పార్కు లోపలి పశువుల ఫారాల మీద అక్కడ ఏళ్లుగా గొడవ ఉంది. కాలిఫోర్నియాలో తప్ప ఎక్కడా లేని ఈ దుప్పుల్ని 1978లో పదింటిని తెచ్చి ఫారాల వైపు రాకుండా టొమాలెస్ పాయింట్‌లో కంచె లోపల వదిలారు. కరువు వచ్చినప్పుడల్లా లోపల వందలకొద్దీ చనిపోవడంతో జనం కోపగించుకున్నారు. 2024 డిసెంబర్‌లో ఆ కంచె తీసేయాలని పార్క్ సర్వీస్ నిర్ణయించింది. 2025 జనవరిలో, నేచర్ కన్సర్వెన్సీ అనే పర్యావరణ సంస్థ మధ్యవర్తిత్వంతో కుదిరిన రాజీలో పార్కులోని చాలా ఫారాలు డబ్బు తీసుకుని ఖాళీ చేయడానికి ఒప్పుకున్నాయి. తరాలుగా అక్కడే బతికిన కుటుంబాలు, ఫారాల్లో పనిచేసి అక్కడే ఉంటున్న కూలీలు ఇళ్లు వదలాల్సి రావడం చిన్న విషయం కాదు, నాకు రెండు వైపులా బాధ అర్థమవుతుంది. మీరు ఈ విషయంలో పోరాడాలనుకుంటే ఈ అసోసియేషన్ సరైన చోటు కాదు. పార్కుకి అధికారిక భాగస్వామి పార్కు మీద కోర్టుకెళ్లదు. వాదించే సంస్థలు వేరే ఉన్నాయి. నాకు ఈ నెమ్మదితనం పర్వాలేదు, మీకు కాకపోవచ్చు.

డబ్బా, టైమా అన్నదానికి నా సలహా: ఇద్దరూ ఉద్యోగాల్లో ఉండి పిల్లలు చిన్నవాళ్లైతే డబ్బుతో మొదలుపెట్టండి. మీ కంపెనీ మ్యాచింగ్ ఇస్తుందేమో చూడండి. చాలా ఐటీ కంపెనీలు మీరు ఇచ్చినదానికి సమానంగా కలుపుతాయి, కొన్ని వాలంటీర్ గంటలకీ డబ్బిస్తాయి. ఇక్కడే ఒక మెలిక ఉంది. డోసెంట్ గంటలు నమోదయ్యేది పార్కులో, అది ప్రభుత్వ శాఖ. కంపెనీ డబ్బు పంపాలంటే చాలాచోట్ల లాభాపేక్ష లేని సంస్థే కావాలి. కాబట్టి గంటలు లెక్కవుతాయో లేదో హెచ్‌ఆర్‌ని ముందే అడగండి, లేకపోతే ఏడాది చివర్లో టెన్షన్. ఇచ్చేటప్పుడు ఫలానా పనికే అని కట్టడి పెట్టకండి. ఎల్క్ ఫొటో చూసి ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, విద్యార్థి ఇంటర్న్ ఉండే గది అద్దె కట్టడానికి డబ్బిచ్చేవాళ్లు దొరకరు.

పిల్లల విషయానికొస్తే, పదేళ్ల పాపని డోసెంట్ డ్యూటీకి తీసుకెళ్లొద్దు. గంటల తరబడి గాలిలో నిలబడాలి, అక్కడ సముద్రపు గాలి మామూలుగా ఉండదు. మీ పాపకి వేసవి క్యాంపు నయం. పార్కు బిల్లు కోసం కష్టపడి, అది చట్టమైన నెలలోపే విమాన ప్రమాదంలో పోయిన కాంగ్రెస్ సభ్యుడు క్లెమ్ మిల్లర్ పేరు మీద ఒక కేంద్రం ఉంది, క్యాంపులు అందులోనే. మామూలు ఫీజు తక్కువేం కాదు, ఆర్థిక సాయం ఉందేమో అడిగి చూడండి. పదమూడేళ్ల బాబుకైతే సెప్టెంబర్ మూడో శనివారం కాలిఫోర్నియా అంతటా జరిగే కోస్టల్ క్లీనప్ డే సరిపోతుంది. చెత్త ఏరడమే కాదు, ఏరినది ఏమిటో కార్డు మీద రాయాలి కూడా. ఆ రోజు వెళ్లి రండి, వాడికి నచ్చితే పార్కు వాలంటీర్ కోఆర్డినేటర్‌కి ఈమెయిల్ రాసి, ఆ వయసుకి ఏ పనులిస్తారో కనుక్కోండి. మీకు డోసెంట్ పని కావాలంటే చలికాలం బ్యాచ్‌కి అక్టోబర్‌లోపే రాయండి, ట్రైనింగ్ సీజన్ మొదలయ్యేలోపే అయిపోతుంది.