గుర్రాల పేరు మీద విరాళం: ఎవరికి ఇవ్వాలి?

ప్రశ్న: గుర్రాల కోసం పనిచేసే సంస్థలకు కొంత డబ్బు పంపాలనుంది. కొన్ని గుర్రాలను కాపాడతామంటాయి, కొన్ని వికలాంగులకు స్వారీ నేర్పుతామంటాయి. రెండూ ఒకటేనా?

జవాబు: ఒకటి కాదండీ. మొదటి రకానికి మంచి ఉదాహరణ బ్రూక్ అనే సంస్థ. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అమ్మేసిన బ్రిటిష్ సైన్యపు గుర్రాలు ఈజిప్టులోని కైరోలో చాకిరీ చేస్తూ ఎముకల గూళ్లలా మిగిలితే, చూసి తట్టుకోలేక డొరోతీ బ్రూక్ వాటిని కొనడం మొదలుపెట్టి, 1934లో అక్కడే ఆసుపత్రి పెట్టించారు. ఇప్పుడా సంస్థ గాడిదలనూ చూస్తుంది, యజమానులకు సంరక్షణ కూడా నేర్పుతుంది (నాకు నచ్చేది ఇదే).

రెండో రకం మనుషుల కోసం. పోలియోతో మోకాళ్ల కింద పట్టు పోయిన డెన్మార్క్ రైడర్ లిస్ హార్టెల్ 1952 ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్‌లో (గుర్రం చేత పద్ధతిగా అడుగులు వేయించే పోటీ) రజతం గెలిచాక, వికలాంగులకు స్వారీ నేర్పాలనే ఆలోచన ఊపందుకుంది. గుర్రం నడుస్తుంటే పైనున్నవాళ్ల నడుము, మనం నడిచేటప్పుడు కదిలినట్టే కదులుతుంది, అదే వ్యాయామం.

ఎవరికిచ్చినా ఒక్కటి అడగండి: ముసలిదై స్వారీకి పనికిరాని గుర్రాన్ని ఏం చేస్తారు? గుర్రం మొత్తం పాతికేళ్లు, ఇంకా పైన కూడా బతుకుతుంది, ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కించాలి, మేత ఖర్చు సరేసరి. దీనికి నీళ్లు నమిలారా, వేరేవాళ్లను చూసుకోండి.